పదును ఆరకముందే

(పక్షవాతం వచ్చినవాళ్ల కుటుంబాల కోసం తిరుపతిలో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్ట్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మొహమాటపడకుండా చెయ్యెత్తండి. మీ ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషికి గోళ్లు తీయడం ఎంతమందికి కష్టంగా ఉంది?

సగం మందికి పైనే ఎత్తారు. నేను అనుకున్నదే.

మూసుకుపోయిన పిడికిలి సంగతి బయటివాళ్లకు తెలియదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "నడుస్తున్నాడు కదా, అదే పదివేలు" అని కాఫీ తాగి వెళ్తారు. ఆ పిడికిలి లోపల చెమట పట్టి, చర్మం నాని, వాసన వస్తుంటుంది. గోళ్లు పెరిగి అరచేతిలోకి దిగుతుంటాయి. విప్పబోతే ఆయన అరుస్తాడు. విప్పే భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. చంద్రగిరి వైపు నుంచి ఒక అవ్వను ఆమె కోడలు నా దగ్గరికి తీసుకొచ్చింది. "సార్, నడక సంగతి తర్వాత. మూడు నెలలైంది మా అత్త అరచెయ్యి చూసి. కడగడానికి దారి చూపించండి" అంది. ఇన్నేళ్లలో ఎంతోమంది పెద్ద పెద్ద కోరికలు చెప్పారు గానీ, ఆ అమ్మాయి అడిగిన మాట నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

ఈరోజు మీలో చాలామంది షాక్‌వేవ్ అనే మిషన్ చికిత్స గురించి వినడానికి వచ్చారని తెలుసు. ఫోన్లో వీడియోలు చూశారు. మిషన్ పెట్టగానే మూసుకున్న చెయ్యి విప్పుకుంటుంది. చూస్తే ఆశ పుడుతుంది, పుట్టాలి కూడా. ఆ మిషన్ నిజంగా ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది మీకు అర్థమయ్యేలా చెప్పాలని నా ఆరాటం. ఎందుకంటే ఆ వీడియో ముగిసిన తర్వాత జరగాల్సిన పనే అసలు పని, అది మీ ఇంట్లో జరగాలి.

ముందు బిగువు గురించి. చెయ్యి పడిపోవడం వేరు, బిగుసుకుపోవడం వేరు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో చెయ్యి తడిగుడ్డలా వాలిపోతుంది. కొన్ని వారాలకు, కొందరికి రెండు మూడు నెలలకు, బిగువు మొదలవుతుంది. అందరికీ రాదు. స్ట్రోక్ వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి వస్తుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే ఆజ్ఞల్లో "కదులు" అనేవి మాత్రమే ఉండవు. "చాలు, నెమ్మదించు" అని కండరాన్ని అదుపులో పెట్టేవి కూడా ఉంటాయి. మెదడులో దెబ్బ తగిలిన చోట ఆ రెండో రకం ఆజ్ఞలు తెగిపోతే, కండరాన్ని కొంచెం సాగదీసినా అది ఉలిక్కిపడి ముడుచుకుంటుంది. అందుకే భుజం ఒంటికి అంటుకుపోతుంది, మోచెయ్యి మడుచుకుంటుంది, మణికట్టు కిందికి వంగుతుంది, బొటనవేలు అరచేతిలోకి పోయి మిగతా వేళ్లు దాని మీద మూసుకుంటాయి. మీ ఇళ్లలో రోజూ చూస్తున్న రూపమే ఇది. దీన్నే స్పాస్టిసిటీ అంటారు.

1980లో లాన్స్ అనే నరాల వైద్యుడు దీనికి ఒక నిర్వచనం ఇచ్చాడు. అందులో ఇంటివాళ్లకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఈ బిగువు వేగాన్ని బట్టి పెరుగుతుంది. గబుక్కున లాగితే గట్టిగా పట్టేస్తుంది, మెల్లగా సాగదీస్తే దారిస్తుంది. మీరు చేస్తున్న తప్పు ఇక్కడే ఉంది. వేళ్ల కొనలు పట్టుకుని విప్పబోతారు. అలా చేయొద్దు. ముందు మణికట్టును ఇంకాస్త లోపలికి వంచండి. అవును, లోపలికే. మణికట్టు వంగితే వేళ్లను ముడిచే టెండన్లు, అదే మనం నరాలని పిలిచే ఆ తాళ్లు, కాస్త వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని దాని మొదట్లో పట్టుకుని మెల్లగా బయటికి తీయండి. తర్వాత మిగతా వేళ్లు. మనసులో ఇరవై ముప్పై లెక్కపెట్టుకుంటూ చేయండి. వేళ్లు విప్పుకున్నాక, అప్పుడు మణికట్టును నిదానంగా పైకి తీసుకురండి. ఆ కోడలికి నేను మొదటిరోజు నేర్పింది ఇదే. ఏ మిషనూ ముట్టుకోలేదు. ఆరోజు అవ్వ అరచెయ్యి గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, గోళ్లు తీసి పంపాం.

అయితే బిగువంతా మెదడు వల్లే కాదు. నెలల తరబడి ముడుచుకుని ఉన్న కండరం తానే మారిపోతుంది. పొట్టిబడుతుంది, లోపల పీచు పెరుగుతుంది, మెత్తదనం పోతుంది. వాడకుండా మూలన పడేసిన తోలు చెప్పు గట్టిపడినట్టు. ఈ రెండు రకాల బిగువూ ఒకే చేతిలో కలిసి ఉంటాయి.

ఇక షాక్‌వేవ్. ముందు ఒక భయం తీసేయాలి. ఇది కరెంటు షాక్ కాదు. ఆ పేరు విని లేచి వెళ్లిపోయిన పెద్దాయన ఒకరున్నారు. షాక్‌వేవ్ అంటే ఒత్తిడి అల. శబ్దం గాలిలో అలలా వెళ్లినట్టు, ఇది చర్మంలోంచి కండరంలోకి వెళ్తుంది. కిడ్నీలో రాళ్లను ఆపరేషన్ లేకుండా బయటినుంచే పగలగొడతారని వినుంటారు. దాని చుట్టమే ఇది. జర్మనీలో డోర్నియర్ అనే విమానాల కంపెనీ, అతివేగంగా పోయే విమానానికి వాన చినుకులు తగిలితే ఏమవుతుందో పరిశీలిస్తూ ఈ అలల దారిలోకి వచ్చింది. 1980లో మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ అనే వైద్యుడు మొదటిసారి ఒక మనిషి కిడ్నీ రాయిని ఈ అలలతో పగలగొట్టాడు. తర్వాత ఇంకా తక్కువ శక్తితో మడమ నొప్పికి, భుజం నొప్పికి వాడారు. అక్కడినుంచి బిగుసుకున్న కండరం మీదికి వచ్చింది.

రాయిని పగలగొట్టేది చేతిని ఏం చేస్తుందో అని టెన్షన్ పడొద్దు. ఇక్కడ వాడే శక్తి చాలా చిన్నది. రెండు రకాల మిషన్లున్నాయి. ఒకటి అలను లోతులో ఒకచోట కేంద్రీకరించేది. రెండోది రేడియల్ అంటారు. గాలి ఒత్తిడితో గన్ లోపల చిన్న ఇనుప ముక్క టకటకమని కొడుతుంటే, ఆ అదురు చర్మం నుంచి చుట్టూ వ్యాపిస్తుంది. బయట ఫిజియో సెంటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. జెల్ రాసి, ముంజేతి లోపలివైపు కండరం మీద, అవసరమైతే అరచేతి చిన్న కండరాల మీద, మోచేతి పైన కండరం మీద గన్ ఆనించి నడిపిస్తారు. ఒక కండరానికి 1500 దెబ్బలో, 2000 దెబ్బలో పడతాయి. పది పదిహేను నిమిషాల పని. సుత్తితో చిన్నగా తట్టినట్టు ఉంటుంది. కాస్త ఎర్రబడొచ్చు, చిన్న ఎర్ర చుక్కలు రావొచ్చు, ఒకట్రెండు రోజులు నొప్పి ఉండొచ్చు. మత్తు అక్కర్లేదు.

పనిచేస్తుందా? చేస్తుంది. 2005లో ఇటలీ వైద్యులు స్ట్రోక్ వచ్చిన 20 మందికి ముందు ఉత్తుత్తి షాక్‌వేవ్ ఇచ్చి చూశారు, తర్వాత నిజంది ఒక్కసారి ఇచ్చారు. ఉత్తుత్తిదానికి ఏమీ కాలేదు. నిజందానికి మణికట్టు, వేళ్ల బిగువు తగ్గింది. 12 వారాల తర్వాత చూసినా 10 మందిలో ఆ మార్పు నిలిచి ఉంది. 2016లో తైవాన్ వాళ్లు 60 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు, ఒక జట్టుకు ఒక్కటే సిట్టింగ్, ఒక జట్టుకు ఉత్తుత్తిది ఇచ్చారు. మూడు సిట్టింగులు తీసుకున్నవాళ్లలో ఫలితం ఎక్కువకాలం నిలిచింది. బిగువు తగ్గడానికి కండరంలోకి వేసే బొటాక్స్ ఇంజెక్షన్‌తో పోల్చి చూసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. బిగువు తగ్గించడంలో షాక్‌వేవ్‌ను తక్కువగా చూడక్కర్లేదని తేలింది. ఎలా పనిచేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ ఉంది. గట్టిపడిన కండరం, పీచు మెత్తబడటం ఒక కారణమని, అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారై రక్తం బాగా పారడం ఇంకో కారణమని అంటున్నారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. ఈ పరిశోధనల్లో గట్టిగా తేలింది బిగువు తగ్గుతుందని. చేత్తో గ్లాసు పట్టుకోగలగడం, గుండీ పెట్టుకోగలగడం, అంటే చెయ్యి పనిలోకి రావడం విషయంలో సాక్ష్యం అంత బలంగా లేదు. కొందరిలో వచ్చింది, కొందరిలో రాలేదు. రెండూ ఒకటి కావు. బిగువు తగ్గితే చెయ్యి విప్పుకుంటుంది. విప్పుకున్న చెయ్యి దానంతటది పని నేర్చుకోదు.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా నాయన మెట్ట చేలో చెనక్కాయ వేసేవాడు. వాన పడిన మర్నాడు పొద్దున లేచి చేలోకి వెళ్లి, మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూసేవాడు. ముద్ద కట్టి, వదిలితే పొడిగా రాలిందంటే పదును వచ్చినట్టు. ఇక ఇంట్లో పెళ్లున్నా ఆగేవాడు కాదు. "పదును నాలుగు రోజులుంటాదిరా. ఆరిపోయినాక నాగలి దిగదు" అనేవాడు. వాన పడగానే పంట వచ్చేసిందని ఏ రైతూ అనుకోడు. వాన పదును ఇస్తుంది. ఆ నాలుగు రోజుల్లో దున్ని విత్తనం వేసినవాడికే పంట.

షాక్‌వేవ్ ఇచ్చేది పదునే. ఎనిమిది వారాలో, పన్నెండు వారాలో చెయ్యి మెత్తగా ఉంటుంది. ఆ వారాల్లో రోజూ ఆ చేత్తో పని చేయిస్తే మెదడు ఆ పనికి కొత్త దారి వేసుకుంటుంది. చేయించకపోతే బిగువు మళ్లీ వస్తుంది, మళ్లీ సిట్టింగులు, మళ్లీ డబ్బు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఈ మిషన్ నా చేతికొచ్చిన మొదటి ఏడాది ఒక పాల రైతుకు నాలుగు సిట్టింగులు ఇచ్చాను. వేళ్లు విప్పుకున్నాయి. ఆయన సంతోషం చూసి నేనూ పొంగిపోయాను. ఇంటి దగ్గర ఏం చేయాలో వివరంగా చెప్పకుండా పంపేశాను. నాలుగు నెలలకు అదే పిడికిలితో తిరిగొచ్చాడు. "పనిచేసింది సామీ, మళ్లీ పోయింది" అన్నాడు. అది మిషన్ లోపం కాదు, నా లోపం. పదునులో ఉన్న చేనును బీడు పెట్టింది నేను. రెండోసారి ముందే మాట్లాడుకున్నాం. నీకు ఈ చేత్తో ఏం కావాలి అని అడిగాను. ఆవు పొదుగు కుడిచేత్తో పితుకుతూ, ఎడమచేత్తో చెంబు పట్టుకోవాలి అన్నాడు. అయితే రోజూ ఖాళీ చెంబు పట్టుకోవడం, వదలడం. తర్వాత పావు చెంబు నీళ్లు. తర్వాత సగం. పితకడం ఆ చేత్తో రాలేదు, ఇప్పటికీ రాదు. చెంబు మాత్రం పట్టుకుంటాడు.

ఎంత చేయించాలి? 2009లో అమెరికా, కెనడాల్లో చేసిన ఒక పరిశోధన వచ్చింది. స్ట్రోక్ రోగులకు జరిగే ఒక్కో థెరపీ సిట్టింగులో చేతితో నిజంగా పని చేయించింది ఎన్నిసార్లని లెక్కపెడితే, సగటున 32 సార్లు వచ్చింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు వచ్చింది వందల సార్లు చేయిస్తే. అమెరికాలోనే అలా ఉంటే, వారానికి రెండుసార్లు నా దగ్గరికొచ్చి అరగంట కూర్చుంటే ఎన్నిసార్లవుతుంది? అందుకే ఇల్లు కావాలి.

ఇంట్లో చేయించడానికి కొనాల్సిన వస్తువులేమీ లేవు. మీ దగ్గర ఉన్నవే. చెనక్కాయలు ఒలవడం, చింతపిక్కలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, టేబుల్ మీద గుడ్డ పరిచి అరచేత్తో ముందుకు తోయడం, బల్ల మీద చెయ్యి ఆనించి ఒంటి బరువు కొంచెం దాని మీద వేయడం. సంగటి ముద్ద తుంచడం చాలా మంచి అభ్యాసం. మెత్తగా ఉంటుంది, వేళ్లన్నీ పనిచేస్తాయి, తినాలన్న కోరిక ఉంటుంది. తుంచలేకపోతే మీరు ఆ చెయ్యి పట్టుకుని తుంచండి, ఆయన్ని చూస్తూ ఉండమనండి. ఒక కాగితం మీద గీతలు గీయండి. ఇవాళ ఎన్ని చెనక్కాయలు ఒలిచాడు? నలభై. రేపు నలభై ఐదు.

స్పాంజి బంతి ఇచ్చి పిసకమంటున్నారు చాలామంది. ముందు వరసలో అమ్మ చేతిలో ఉంది కదా బంతి, తప్పుగా అనుకోకండి అమ్మా. ఇప్పటికే మూసుకుపోయిన చేతికి మూయడం నేర్పక్కర్లేదు. దానికి రానిది విప్పడం, వదలడం. పట్టుకున్న వస్తువును వదిలే పని ఎక్కువ చేయించండి.

వేడినీళ్ల కాపడం గురించి కూడా. ఆ చేతికి స్పర్శ తక్కువగా ఉంటుంది, కాలుతున్నా తెలియదు. కాపడం పెట్టి బొబ్బలెక్కిన చేతులు నేను చాలా చూశాను. వేడిని ముందు మీ చేతి మీద చూసుకోండి. పావురం నెత్తురు రాయడం, ఊరూరూ తిరిగి నాటు మందు తాగడం, వీటి గురించి నేను ఎవరినీ కసరను. ఆశతో చేసే పనులవి. కానీ వాటి కోసం మొదటి మూడు నెలలు పోతే, చేతికి అన్నిటికంటే ఎక్కువ కదలిక తిరిగొచ్చే కాలమే పోయినట్టు. అది నాకు బాధ.

భుజం గురించి చెప్పకుండా ఉండలేను. మా నాయనకు స్ట్రోక్ వచ్చినప్పుడు నేను అప్పుడే చదువు ముగించాను. ఆస్పత్రిలో మంచం మీంచి కూర్చోబెట్టడానికి ఒకతను పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, ఆపేలోపు అయిపోయింది. బలం లేని భుజంలో కీలు జారి ఉంటుంది, కండరం పట్టుకోదు. ఆ తర్వాత ఏడాది పాటు మా నాయన భుజం నొప్పితో రాత్రిళ్లు నిద్రపోలేదు. భుజం నొప్పి ఉంటే చెయ్యంతా ఇంకా బిగుసుకుంటుంది. మంచం మీంచి లేపేటప్పుడు నడుము దగ్గర, వీపు వెనక చెయ్యి వేసి లేపండి. చంకలో చెయ్యి పెట్టి ఎత్తొద్దు. ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ ఈ మాట చెప్పండి.

షాక్‌వేవ్ ఎవరికి వద్దు అన్నది త్వరగా చెప్తాను. ఆ చోట గడ్డ గానీ కేన్సర్ గానీ ఉంటే వద్దు. గర్భిణులకు వద్దు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే, ఆ చేతిలో రక్తపు గడ్డ ఉందన్న అనుమానం ఉంటే, చర్మం మీద పుండు, చీము ఉంటే వద్దు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామంది రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. ఏ మాత్రో చీటీ తీసుకొచ్చి చూపించండి, మీ నరాల డాక్టర్ని అడగండి. దయచేసి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. షాక్‌వేవ్ కోసమని ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. చెయ్యి మెత్తబడటానికి పోయి రెండో స్ట్రోక్ తెచ్చుకుంటారు.

ఇంకో సంగతి. మొన్నటిదాకా బాగున్న చెయ్యి ఉన్నట్టుండి బిగుసుకుంటే మిషన్ కోసం పరుగెత్తకండి. ఒంట్లో ఎక్కడో ఇబ్బంది ఉందని అర్థం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, గోరు లోపలికి పెరగడం, పడక పుండు, ఇవేవైనా బిగువును పెంచుతాయి. ఒక తాతకు నాలుగు రోజులుగా మోషన్ అవ్వలేదు. అది సరిచేస్తే చెయ్యి మళ్లీ మామూలుకొచ్చింది.

డబ్బు విషయంలో మొదటిరోజే అడగండి. ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎంత, ఏ కండరాలకు, దేనికోసం. మొదటి సిట్టింగుకు ముందు బిగువును కొలిచి రాయమనండి. యాష్‌వర్త్ అని ఒక కొలత ఉంది, 0 నుంచి 4 వరకు. మూడు సిట్టింగుల తర్వాత మళ్లీ కొలవమనండి. ఏమీ మారకపోతే ఇంకో పది సిట్టింగులకు డబ్బు కట్టొద్దు. ఇక్కడ స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులున్నాయి, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. బొటాక్స్ అవసరమా, మాత్రలు చాలా, లేక కండరం పూర్తిగా పొట్టిబడిపోయిందా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి. పూర్తిగా పొట్టిబడి కీలు అతుక్కుపోయిన చోట షాక్‌వేవ్‌తో పెద్ద ప్రయోజనం ఉండదు.

వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు... గట్టిగా అడగండి అన్నా. "ఆరేళ్లయింది, ఇప్పుడు చేయిస్తే ఉపయోగమా?" మంచి ప్రశ్న. ఏళ్లు గడిచిన తర్వాత కూడా బిగువు తగ్గే అవకాశం ఉంది. కానీ వేళ్లు తమంతట తాము ఏ కొంచెమైనా కదులుతున్నాయా? లేదా? కదలకపోతే, చెయ్యి పనిలోకి వస్తుందని నేను మాటివ్వను. అయితే అరచెయ్యి కడుక్కోవడం, చొక్కా వేసుకోవడం, నొప్పి తగ్గడం, వీటికోసం చేయించొచ్చు. ఇవి చిన్న పనులు కాదు. మీ నాయనకా? ఇక్కడికే వచ్చారా? అయితే ఇంటికి వెళ్లే ముందు చూస్తాను.

పక్క గదిలో మా పిల్లలు బల్లలు వేశారు. ఒక బల్ల మీద నీళ్లు, సబ్బు, పొడి గుడ్డలు, గోళ్ల కత్తెరలు ఉన్నాయి. ఇంకో బల్ల మీద రెండు శేర్ల చెనక్కాయలు పోసి ఉన్నాయి. ముందు చేతులు విప్పి కడుగుదాం, నేను చెప్పినట్టు మణికట్టు వంచి, మెల్లగా. ఇంటివాళ్లే చేయాలి, మేం పక్కనుంటాం. తర్వాత ఒలవడం మొదలుపెడదాం. రండి.